మంచు ఊరికి కరెంటు వాటా, మన ఊళ్లకెప్పుడు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో ఆల్ప్స్ పర్వతాల్లో మంచు సెలవుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఏ నెలలో వెళ్లాలి, ఏం తొడుక్కోవాలి, ఎంత ఖర్చవుతుంది, అన్నీ రాశారు. కానీ నేను వెదికిన ఒక్క సంగతి అందులో లేదు. మూడు వందల మంది ఉండే కొండ ఊళ్లో నూట అరవై మంది పట్టే కేబుల్ కారు ఎవరి డబ్బుతో వచ్చింది? గత ఫిబ్రవరిలో అలాంటి ఒక ఊళ్లో ఎనిమిది రోజులు ఉండి వచ్చాను. దాని గురించి రాయాలని అప్పటి నుంచీ మనసులో ఉంది. ఉత్తరం పొడుగైంది, మన్నించండి.

నేను కరెంటు శాఖలో 33 ఏళ్లు పనిచేసి 2019లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం శ్రీశైలంలోనే, చివరి పదిహేనేళ్లు ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో. మా అమ్మాయి, అల్లుడు ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరంలో చిప్‌ల డిజైన్ పని చేస్తారు. మనవరాలికి ఆరేళ్లు. అక్కడ ఫిబ్రవరిలో బడులకు రెండు వారాలు సెలవులిస్తారు. సగం దేశం కొండలెక్కేది అప్పుడే. అందరూ ఒక్కసారే రాకుండా దేశాన్ని మూడు జోన్లుగా చేసి సెలవులు వేరువేరు వారాల్లో పెట్టారట. అయినా శనివారం రోడ్లు నిండిపోయే ఉన్నాయి. అద్దె ఇళ్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, అందుకని చాలామంది ప్రయాణం ఆ రోజే.

మేము వెళ్లిన ఊరి పేరు వోజనీ. గ్రెనోబుల్ నుంచి యాభై కిలోమీటర్లు ఉంటుంది. రోమాంష్ నది వెంట లోయలో పోయి, రోష్‌తాయే దగ్గర ఎడమకు తిరిగితే ఒక చెరువు వస్తుంది. ఆ చెరువు దాటాక మలుపులు తిరుగుతూ 1,250 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. నవంబరు నుంచి మార్చి ఆఖరు దాకా ఆ కొండ ప్రాంతాల్లో కారుకు మంచు టైర్లు గానీ, డిక్కీలో గొలుసులు గానీ ఉండాలని చట్టం ఉంది. మా అల్లుడు రెండూ పెట్టుకున్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడకుండా చెరువునే చూస్తున్నాను. నీటి మట్టం గుర్తు గట్టు మీద చాలా పైన ఉంది, నీళ్లు కింద ఉన్నాయి. వాగు నీటితో నిండే చెరువుకు రోజువారీ అంత తేడా రాదు.

"ఇది పంపింగ్ చెరువు కదూ?" అన్నాను.

"మామయ్యా, నేను ఆరేళ్ల నుంచి ఈ దారిన పోతున్నాను, ఎప్పుడూ గమనించలేదు" అన్నాడు అల్లుడు.

దాని గురించి తర్వాత రాస్తాను. ముందు మంచు సంగతి.

ఊరు చిన్నది. రాతి గోడల పాత ఇళ్లు, చర్చి, ఎదురుగా గ్రాండ్ రూస్ కొండల వరస. లోయకు అవతల ఫార్ అనే జలపాతం, మేము వెళ్లినప్పుడు సగం గడ్డకట్టి, సగం పారుతూ ఉంది. మా అద్దె ఇల్లు రెండు గదులు, చిన్న వంటగది. మా ఇంటావిడ జొన్నపిండి, పల్లీల పొడి తెచ్చుకుంది. మొదటి రోజు సాయంత్రం రొట్టెలు కాలుస్తుంటే పక్క వాటా వాళ్ల అమ్మాయి వాసనకు వచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఒకటి తిని వెళ్లింది. మర్నాడు వాళ్లమ్మ ఒక గిన్నెలో గ్రాటాన్ దోఫినువా పంపింది. ఆలుగడ్డను పల్చగా తరిగి పాలు, మీగడలో ఓవెన్‌లో ఉడికించే ఆ ప్రాంతపు కూర. కారం లేదు గానీ కమ్మగా ఉంది, దాంట్లోకి పల్లీల పొడి బాగా కలిసింది.

ఆదివారం పొద్దున స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకు తొడిగే పొడవాటి పలకలు) అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లాం. నాకు ఆ యాత్రలో మొదటి ఆనందం అక్కడే కలిగింది. మీ వ్యాసంలో స్కీ బూట్లు బరువుగా ఉంటాయని రాశారు, నిజమే. కానీ ఆ బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సంగతి కూడా రాయాల్సింది. దుకాణం అబ్బాయి నా బరువు, ఎత్తు, వయసు అడిగాడు, స్కీయింగ్ ఎంత వచ్చో అడిగాడు, బూటు అడుగు పొడవు చూశాడు. అవన్నీ చూసి బైండింగ్‌లో ఒక స్క్రూ తిప్పి ఒక అంకె దగ్గర ఆపాడు. మనిషి పడ్డప్పుడు కాలు మెలిపడే బలం ఆ అంకె దాటితే బైండింగ్ తనంతట తాను ఊడిపోయి కాలును వదిలేస్తుంది. అంకె తక్కువ పెడితే ఊరికే ఊడుతుంది, ఎక్కువ పెడితే మోకాలు పోతుంది. మా కంట్రోల్ రూములో, లోపం వస్తే కరెంటును ఆపించే రిలే సెట్టింగ్ కూడా ఇంతే. ఎక్కడ ట్రిప్ కావాలో ముందే లెక్క కట్టి పెట్టాలి. అరవై నాలుగేళ్ల నా వయసుకు అతను పెట్టిన అంకె చిన్నదే. అది చూశాక నాకు భయం పోయింది, ఒక పూట పాఠానికి పేరు ఇచ్చాను.

నేర్చుకునేవాళ్ల చోటు మోంఫ్రే. ఊరి నుంచి గొండోలాలో, అంటే తీగ మీద పోయే చిన్న పెట్టెలో, పైకి వెళ్లాలి. అక్కడ ఏటవాలు తక్కువ, ఎండ బాగా పడుతుంది. నేల మీద కదిలే పట్టీ ఒకటి ఉంటుంది, ఎయిర్‌పోర్ట్‌లో నడకదారి లాంటిది. దాని మీద నిలబడితే మెల్లగా పైకి తీసుకెళ్తుంది. ఎర్ర జాకెట్టు టీచర్లు ఫ్రెంచ్ స్కీ స్కూలు వాళ్లు. ఆ స్కూలు 1945 నుంచి ఉంది. మా టీచరమ్మకు యాభై ఏళ్లుంటాయి. ఆమె మాటలు మా అమ్మాయి తెలుగులో చెప్పింది. మొదటి గంట అంతా ఒకటే నేర్పారు: ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం. దాన్ని షాస్ నేజ్ అంటారు, మంచు తోసే నాగలి అని అర్థం. వేగం నేర్పే ముందు ఆగడం నేర్పుతారు. మూడుసార్లు పడ్డాను. మూడోసారి ఎడమ స్కీ టక్కున ఊడింది, కాలికి ఏమీ కాలేదు. లేచి ఆ అంకె పెట్టిన అబ్బాయికి మనసులో దండం పెట్టుకున్నాను. పదకొండున్నరకల్లా ముప్పై నలభై మీటర్లు నేనే జారి, నేనే ఆగాను. ఆ సంతోషం మాటల్లో పెట్టలేను. 1986లో ఉద్యోగంలో చేరి మొదటిసారి మిషన్ సింక్రొనైజ్ చేసిన, అంటే గ్రిడ్‌తో కలిపిన రోజు ఒంట్లో ఇలాంటి కదలికే వచ్చింది.

మనవరాలు ఆరు రోజులూ పిల్లల బడికి వెళ్లింది. వాళ్ల మెట్ల పేర్లు ముద్దుగా ఉంటాయి. ముందు ఎలుగుబంటి పిల్ల, తర్వాత మంచు రేకు, ఆ తర్వాత మొదటి నక్షత్రం. శుక్రవారం పరీక్ష పెట్టి బిళ్ల ఇస్తారు. మా పిల్లకు ఎలుగుబంటి పిల్ల వచ్చింది. బిళ్ల పుచ్చుకుని నేరుగా నా దగ్గరకు వచ్చి, "తాతా, ఇండియాలో ఎవరికైనా స్కీ వచ్చా?" అని అడిగింది. వచ్చని చెప్పాను. 1968లో మీ గ్రెనోబుల్‌లోనే శీతాకాల ఒలింపిక్స్ జరిగితే మన దేశం తరఫున జెరెమీ బుజాకోవ్‌స్కీ అనే ఆయన స్కీ పోటీల్లో దిగాడని, కాశ్మీర్‌లో గుల్మార్గ్ ఉందని, అక్కడి అబ్బాయి ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడని చెప్పాను. ఈ సంగతులు అల్లుడి ఫోన్‌లో ముందు రోజే చదివి పెట్టుకున్నాను, అడుగుతుందని అనుకునే.

ఇక పెద్ద కేబుల్ కారు. ఊరి నడిబొడ్డు నుంచి బయల్దేరి ఆల్పెట్ అనే మజిలీ మీదుగా 2,800 మీటర్ల ఎత్తున్న డోమ్ దే రూస్ దాకా పోతుంది. ఒక్కో క్యాబిన్‌లో 160 మంది. అంటే మూడు ఎక్స్‌ప్రెస్ బస్సుల జనం ఒక గదిలో నిలబడి గాల్లో వేలాడుతూ పోయినట్టు. పైన దిగితే ఆల్ప్ దుయెజ్ అనే పెద్ద రిసార్ట్ మంచు మైదానాలతో కలుస్తుంది. అంతా కలిపి 250 కిలోమీటర్ల స్కీ దారులు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని రంగులు వేసి ఉంటాయి, ఆకుపచ్చ అన్నిటికన్నా తేలిక, నలుపు అన్నిటికన్నా కష్టం. 3,330 మీటర్ల పిక్ బ్లాన్ నుంచి దిగే సరెన్ అనే నల్ల దారి ఒక్కటే 16 కిలోమీటర్లు. మా అల్లుడు దాన్ని దిగి వచ్చి రెండు రోజులు తొడలు పట్టుకుని నడిచాడు. నేను, మా ఇంటావిడ నడిచేవాళ్లకిచ్చే టికెట్టు తీసుకుని పైదాకా వెళ్లి, అరగంట నిలబడి, చలికి తట్టుకోలేక దిగి వచ్చాం.

కింద స్టేషన్‌లో ఆపరేటర్ గది అద్దంలోంచి కనబడుతుంది. నేను అక్కడ ఆగిపోయాను. పెద్ద డ్రమ్ములు, బ్రేకులు, గాలి వేగం చూపే మీటరు. లోపల ఉన్న పెద్దాయన, నా కంటే ఒకటి రెండేళ్లు చిన్నవాడేమో, నేను కదలకపోవడం చూసి బయటకు వచ్చాడు. నేను కరెంటు మనిషినని అల్లుడు చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. చేయి పట్టుకుని కిందకు, లోయ వైపు చూపించాడు. "ఈ తీగలు అక్కడి నుంచి వచ్చాయి" అన్నాడు. అల్లుడు ముందు కరెంటు తీగలేమో అనుకున్నాడు. ఆయన చెప్పింది డబ్బు గురించి.

అప్పటికి నాకు చెరువు సంగతి సగం అర్థమైంది. మిగతా సగం ఆయన చెప్పాడు, ఆ తర్వాత గురువారం మధ్యాహ్నం చెరువు పక్కనున్న జల విద్యుత్ మ్యూజియంలో చూశాను. ఆ లోయలో ఉన్నది గ్రాన్ మేజోన్ జల విద్యుత్ కేంద్రం. ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పెద్ద జల విద్యుత్ కేంద్రం అదే, దాదాపు 1,800 మెగావాట్లు. ఎగువ జలాశయం పైన కొండల మధ్య ఉంది. దిగువ చెరువు మేము దారిలో చూసిన వెర్నే. కరెంటు వాడకం తక్కువున్న వేళ కింది నీళ్లను పైకి తోడతారు, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీస్తారు. మొత్తం 12 యూనిట్లు. నాలుగు కరెంటు తీయడానికే, ఎనిమిది మాత్రం తీయనూ తోడనూ. మా ఎడమగట్టులో అలా రెండు పనులూ చేసే 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు. అక్కడివి కూడా ఒక్కోటి ఇంచుమించు అంతే. కానీ మా దగ్గర నీరు పడే ఎత్తు వంద మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అక్కడ 900 మీటర్ల పైన. ఆ ఒత్తిడికి పైపు గోడ ఎంత మందం ఉండాలి, పంపు ఎన్ని అంచెల్లో ఉండాలి అని నేను మ్యూజియంలో గంటసేపు నిలబడిపోయాను. మా ఇంటావిడ బెంచీ మీద కూర్చుని కునుకు తీసింది.

ఆ కేంద్రం 1980లలో వచ్చింది. యంత్రాలున్న స్థలం వోజనీ ఊరి హద్దుల్లో పడింది. ఫ్రాన్స్‌లో ఇలాంటి కేంద్రం ఏ ఊరి హద్దులో ఉంటే ఆ ఊరి పాలకవర్గానికి ఏటా పన్ను కట్టాలి. అది దయతో ఇచ్చే సాయం కాదు. ఊరి వాళ్లు అర్జీ పెట్టుకుని తెచ్చుకునేదీ కాదు. ఇంటి పన్నులాగా వచ్చి పడుతుంది. అంతకు ముందు ఆ ఊళ్లో ఆవులు, గడ్డి, చలికాలమంతా మూసుకున్న తలుపులు. పిల్లలు పట్నాలకు వెళ్లిపోతుంటే జనం తగ్గిపోతూ వచ్చారు. పన్ను మొదలయ్యాక ఊరి పెద్దలు ఆ డబ్బును పంచుకుని తినేయలేదు, కేబుల్ కారు కట్టారు. ఆ తర్వాత మంచు స్కేటింగ్ రింకు, ఈతకొలను, పసిపిల్లలను చూసుకునే కేంద్రం. మూడు వందల మంది ఊరికి ఇవన్నీ ఎలా వచ్చాయని మొదటి రోజు నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్నకు జవాబు అదే.

దీనికి ఆ ఊరు కన్నీళ్లతోనూ మూల్యం చెల్లించింది. 1989 జనవరిలో ఇంకా జనాన్ని ఎక్కించక ముందు, పరీక్షలు చేస్తుండగా ఒక క్యాబిన్ కింద పడి, అందులో ఉన్న 8 మంది పనివాళ్లు చనిపోయారు. ఆపరేటర్ పెద్దాయన ఆ మాట చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. 2020 ఆగస్టులో మా ఎడమగట్టు కేంద్రంలో మంటలు చెలరేగినప్పుడు 9 మంది పోయారు. నేను రిటైరై ఏడాది. వాళ్లలో నాకు తెలిసిన పిల్లలున్నారు. ఆ సంగతి అల్లుడి చేత చెప్పించాను. ఆయన టోపీ తీసి నిలబడ్డాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ పుట్టిన ఊరు కొల్లాపూర్ తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు మునిగింది. అప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి సుమారు వంద ఊళ్లు మునిగాయి. నాకు ఇరవై ఏళ్లు. మా తాత ఇంటి ద్వారబంధం ఊడదీసి ఎడ్లబండి మీద వేసుకుని వచ్చాడు. అది ఇప్పుడు కొల్లాపూర్‌లో మా ఇంటి పూజగదికి ఉంది. ఆ నీటితో తిరిగిన యంత్రాల దగ్గరే నేను జీతం తీసుకుని పిల్లను చదివించాను. ఆ ప్రాజెక్టు మీద నాకు కోపం లేదు. అది లేకపోతే రెండు రాష్ట్రాల్లో ఎన్ని మోటార్లు నడిచేవి కావో నాకు తెలుసు. కానీ ముంపు కుటుంబాలకు ఉద్యోగాలివ్వాలని 1986లో ఇచ్చిన జీవో 98ని చేతిలో పట్టుకుని ఆ కుటుంబాల పిల్లలు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉన్నారు. వాళ్లు అడిగేది ఒకసారి ఇచ్చే ఉద్యోగం. ఏటేటా ఊరికి వచ్చే వాటా అనే ఆలోచనే మా ముంపు ఊళ్లలో ఎవరికీ కలగలేదు. నాకూ కలగలేదు. ముప్పై మూడేళ్లు మెగావాట్లు లెక్క పెట్టి, ఈ లెక్క నేను వోజనీలో మంచులో నిలబడి నేర్చుకున్నాను.

ఒక తేడా నేనే ముందు చెబుతాను. గ్రాన్ మేజోన్ ఎగువ జలాశయం ఎత్తయిన కొండ లోయలో ఉంది. శ్రీశైలంలాగా వంద ఊళ్లను అది ముంచలేదు. "అక్కడికీ ఇక్కడికీ పోలిక ఏమిటి" అని ఎవరైనా అనవచ్చు. నేను చెప్పదలచుకున్నది అక్కడే ఉంది. వంద ఊళ్లు మునగకపోయినా, యంత్రాలు తమ నేల మీద ఉన్నందుకే, తమ కొండను, తమ నీటిని వాడుకుంటున్నందుకే ఆ ఊరికి వాటా వచ్చింది. మునిగినందుకు ఇచ్చేది నష్టపరిహారం. ఉన్నందుకు ఇచ్చేది వాటా. రెండూ వేరు.

ఇది పాత కథ అయితే నేను ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు మన కొండల్లో వరసగా వస్తున్నవి సరిగ్గా గ్రాన్ మేజోన్ లాంటి పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎగువ సీలేరు 1,350 మెగావాట్లు. ఇంకా చాలా కొండల పేర్లు కాగితాల మీద ఉన్నాయి. పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి దీపాల వేళ వదిలే పని. ఇవి కావాలి. ఇంజినీరుగా నేను గట్టిగా చెబుతాను, సోలార్, గాలి కరెంటు పెరిగే కొద్దీ ఇవి లేకపోతే గ్రిడ్ నిలబడదు.

కానీ వాటా సంగతి చూడండి. మామూలు జల విద్యుత్ ప్రాజెక్టులకు 2008 కేంద్ర విధానంలో ఒక శాతం విద్యుత్‌ను స్థానిక ప్రాంత అభివృద్ధి నిధికి కేటాయించాలన్న నియమం ఉంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ పంప్డ్ స్టోరేజ్‌కు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. వీటితో పర్యావరణానికి నష్టం బాగా తక్కువ, పునరావాస సమస్యలు ఉండవు, కాబట్టి ఆ నిధి పెట్టనవసరం లేదని అందులో ఉంది. నేను ఆ కాగితం తిరిగి వచ్చాక కొల్లాపూర్‌లో నా బల్ల దగ్గర చదివాను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొండ మీద గొర్రెలు మేపుకునేవాడి దారి పోతుంది. కట్టినన్నాళ్లూ లారీల దుమ్ము. ఆ ఊరి పేరుతో ప్రాజెక్టు, ఆ ఊరికి మాత్రం కట్టేటప్పుడు కూలి పని, కట్టాక గేటు దగ్గర కాపలా పని. అలాంటి విద్యుత్ కేంద్రానికి యాభై ఏళ్లకు పైగా ఆయుష్షు ఉంటుంది. ఆ యాభై ఏళ్లూ ఊరి పంచాయతీకి ఏమొస్తుంది?

వోజనీ వాళ్లకు మంచు ఉంది, మనకు మంచు లేదు, స్కీ రిసార్ట్ కట్టలేం కదా అని మా ఇంటావిడే అడిగింది. నిజమే. కానీ మంచు కూడా వాళ్లకు నమ్మకమైన ఆస్తి కాదు. మేము ఉన్న బుధవారం నాడు ఊళ్లో రోజంతా వాన కురిసింది. ఫిబ్రవరిలో, 1,250 మీటర్ల ఎత్తులో వాన! పైన రెండు వేల మీటర్ల దగ్గర అదే మేఘం మంచు కురిపించింది. ఊరి వీధుల్లో మంచు బురదై కారిపోయింది. ఆపరేటర్ పెద్దాయన తన చిన్నప్పుడు చర్చి గోడ సగం దాకా మంచు ఉండేదని చేత్తో చూపించాడు. ఎత్తు తక్కువున్న రిసార్టులు మూతపడే రోజులు వస్తున్నాయని అక్కడ అందరూ దిగులు పడుతున్నారు. ఈ ఊరు భయపడకుండా ఉండడానికి కారణం 2,800 మీటర్లకు తీసుకెళ్లే తీగ, వాన పడితే పిల్లలు పోవడానికి ఈతకొలను, స్కేటింగ్ రింకు. అవన్నీ చేతిలో ఏటా వచ్చే డబ్బు ఉండబట్టే, ముందు చూపుతో కట్టుకోగలిగారు. ఆ బుధవారం మేము కూడా మనవరాలిని కొలనుకే తీసుకెళ్లాం. చుట్టూ ఊరి వాళ్లు, పర్యాటకులు కలిసి ఈదుతున్నారు. అద్దంలోంచి వాన కనబడుతోంది. మన ఊళ్లకు కొలను అక్కర్లేదు. పిన్నాపురం వాళ్లు, సీలేరు వాళ్లు తమకేం కావాలో తామే చెబుతారు. ఒక ఊరు డిగ్రీ కాలేజీ అనవచ్చు, ఇంకో ఊరు డయాలసిస్ యంత్రం అనవచ్చు, పశువుల ఆసుపత్రి అనవచ్చు. గ్రామసభలో కూర్చుని వాళ్లు తేల్చుకోవాలి.

శుక్రవారం రాత్రి చివరిసారి బాల్కనీలో నిలబడ్డాను. పొద్దుపోయాక స్కీ దారులన్నీ ఖాళీ అవుతాయి, అప్పుడు మంచును చదును చేసే యంత్రాలు బయల్దేరుతాయి. చీకట్లో కొండ మీద రెండేసి దీపాలు మెల్లగా పైకి పోతూ, కిందకు దిగుతూ ఉంటాయి. మర్నాడు పొద్దున జారే వాళ్ల కోసం రాత్రంతా ఎవరో పనిచేస్తుంటారు. కింద లోయలో కేంద్రం దీపాలు. మనవరాలు బిళ్లను దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఆ ఊళ్లో పుట్టిన ఆరేళ్ల పిల్ల ఊరు విడిచి పోనక్కర్లేదు, పెద్దయ్యాక అక్కడే టీచరో, ఆపరేటరో కావచ్చు. మా అమ్మ ఊళ్లో అప్పుడు ఆరేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు. కొందరు హైదరాబాద్‌లో అడ్డా కూలీలని విన్నాను.

మీ పత్రికను నేను అడిగేవి రెండు. మంచు సెలవుల గురించి మళ్లీ రాసేటప్పుడు ఆ ఊళ్లు ఎలా నిలబడ్డాయో కూడా రాయండి, మన పాఠకులకు అది హోటల్ ధరల కంటే తక్కువ ఆసక్తి ఏమీ కాదు. రెండోది, పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు వస్తున్న ప్రతి ఊరికీ ఒక విలేకరిని పంపి, అక్కడి పంచాయతీకి ఏటా ఎంత రాబోతోందో, ఏ కాగితం ప్రకారం రాబోతోందో అడిగించండి. జవాబు ఏదైనా ప్రచురించండి. రెండు రాష్ట్రాల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు 2023 మార్గదర్శకాల్లోని ఆ ఒక్క నిబంధన మార్చమని అడగాలి. అది మారేలోగా రాష్ట్రాలే తమ ఒప్పందాల్లో ఊరి వాటాను రాసుకోవచ్చు. లెక్కలు వేసి పెట్టడానికి నాలాంటి రిటైరైన ఇంజినీర్లు చాలామంది ఉన్నారు, పిలిస్తే వస్తాం.

వేసవిలో శ్రీశైలం జలాశయం మట్టం తగ్గుతుంది. ఏప్రిల్ ఆఖరుకల్లా మా అమ్మ ఊరి బావి గట్టు, రెండు మూడు మొండి గోడలు బయటపడతాయి. మీ విలేకరి ఎవరైనా వస్తే నేనే పడవ మాట్లాడి తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డివిజనల్ ఇంజినీరు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా